మౌస్, కీబోర్డు: ఏ భాగం ముందు పోతుంది?



పొద్దున పూట మియాపూర్ క్రాస్‌రోడ్స్‌లో కొండాపూర్, హైటెక్ సిటీ వైపు బస్సు ఎక్కేవాళ్లను చూడండి. మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కేవాళ్లను చూడండి. దాదాపు అందరి వీపు మీదా లాప్‌టాప్ బ్యాగు ఉంటుంది. ఆ లాప్‌టాప్ చాలామందికి కంపెనీ ఇచ్చిందే. ఏది మంచిదో ఎంచే పని, కొనే పని కంపెనీయే చూసుకుంటుంది. ఇంట్లో టేబుల్ మీద ఉండే మౌస్, కీబోర్డు మాత్రం మనమే కొనుక్కోవాలి. పగలు ఎక్సెల్ షీట్లు, రాత్రి అమెరికా వాళ్లతో కాల్, మధ్యలో పిల్లాడి ప్రాజెక్టు వర్కు, శనివారం రాత్రి స్నేహితులతో వాలరంటో కౌంటర్ స్ట్రైకో... ఇంటిల్లిపాది పనీ ఆటా ఆ రెండింటి మీదే నడుస్తాయి.

రోజుకు ఎనిమిది, పది గంటలు మన వేళ్లకు తగిలేది అవే. అయినా ఫ్రిజ్ కొనాలంటే నాలుగు షాపులు తిరిగేవాళ్లం, మౌస్ దగ్గరికి వచ్చేసరికి ఫోనులో బొమ్మ చూసి, రంగు లైట్లు చూసి, ఆఫర్ ఉందని ఆర్డర్ పెట్టేస్తాం. ఏడాది తిరక్కుండా అది అటకెక్కుతుంది, మళ్లీ అలాంటిదే ఇంకొకటి వస్తుంది. ఈ దండగను ఆపవచ్చు. ఏ వస్తువుకైనా ముందు పోయే భాగం ఒకటుంటుంది. మౌస్‌లో అదేదో, కీబోర్డులో అదేదో తెలుసుకుని కొంటే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కర్లేదో దానంతట అదే తేలిపోతుంది.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక్క మాట. గేమింగ్ అంటే ఇక్కడ నేను చెబుతున్నది సరదాకో పోటీకో ఆడే కంప్యూటర్ ఆటల గురించి. డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. వాటితో మనకు పనిలేదు.

ముందు మౌస్ సంగతి చూద్దాం.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో కనిపించే మాట డీపీఐ. 12 వేలు, 16 వేలు, 26 వేలు అంటూ ఆ అంకె ఏటా పెరుగుతూనే ఉంది. దాని అర్థం మాత్రం చాలా తేలిక. 800 డీపీఐ అంటే, మౌస్‌ను ఒక అంగుళం జరిపితే తెర మీద బాణం గుర్తు 800 చుక్కల దూరం జరుగుతుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర అడ్డంగా 1920 చుక్కలు ఉంటుంది. అంటే 800 దగ్గర పెట్టుకుంటే చెయ్యి రెండున్నర అంగుళాలు జరిపేలోపే బాణం ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరిపోతుంది. అదే 16 వేలు పెడితే అంగుళంలో ఎనిమిదో వంతు కదిలించినా చాలు, తెర దాటిపోతుంది. ఆ వేగంతో ఫైలు మీద క్లిక్ చేయడమే కష్టం, ఇక ఆటలో గురి ఎక్కడ కుదురుతుంది? పోటీల్లో షూటింగ్ గేమ్స్ ఆడేవాళ్లలో ఎక్కువమంది 400 నుంచి 1600 మధ్యలోనే పెట్టుకుంటారు. కాబట్టి ఆ పెద్ద అంకె కోసం రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

రెండో అంకె పోలింగ్ రేటు. మౌస్ తానెక్కడ ఉందో కంప్యూటర్‌కు సెకనుకు ఎన్నిసార్లు చెబుతుందన్నది ఈ లెక్క. మామూలు ఆఫీసు మౌస్ 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి చెబుతుంది. గేమింగ్ మౌస్ వెయ్యిసార్లు, అంటే మిల్లీసెకనుకు ఒకసారి చెబుతుంది. ఆటలో ఈ తేడా చేతికి తెలుస్తుంది. ఇప్పుడు 8 వేల సార్లు చెప్పేవి కూడా వస్తున్నాయి. మన ఇళ్లలో ఉండే 60 హెర్ట్జ్ తెర ఒక బొమ్మ మార్చడానికే 16 మిల్లీసెకన్ల పైన తీసుకుంటుంది. అలాంటి తెర ముందు వెయ్యి దాటినా ఒరిగేదేమీ లేదు.

ఇక మౌస్ అడుగున వెలుగు వచ్చే చోట నిజానికి ఒక చిన్న కెమెరా ఉంటుంది. అది కింద ఉన్న ఉపరితలాన్ని సెకనుకు వేలసార్లు ఫొటో తీస్తుంది. ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ తేడా చూసి, ఎటు ఎంత జరిగిందో లెక్క కడుతుంది. కొద్దిపాటి గరుకుదనం ఉంటేనే ఆ కెమెరాకు ఆనవాలు దొరుకుతుంది. గాజు మీద, అద్దంలా పాలిష్ పెట్టిన నల్ల గ్రానైటు మీద దానికి ఏమీ దొరకదు. గ్లాస్ టాప్ డైనింగ్ టేబుల్ మీద బాణం గుర్తు ఉన్నట్టుండి ఎగిరిపడేది అందుకే. మౌస్ పాడైందని మార్చేముందు కింద ఒక గుడ్డ ప్యాడ్ వేసి చూడండి. రెండు మూడు వందల్లో వస్తుంది. దాని మీద మౌస్ అడుగున ఉండే నున్నటి పాదాలు కూడా త్వరగా అరగవు.

మరి మౌస్‌లో ముందు పోయేది ఏమిటి? ఆ కెమెరా, అంటే సెన్సర్, సాధారణంగా పోదు. పోయేది ఎడమ బటన్.

ఆ బటన్ కింద సుమారు 13 మిల్లీమీటర్ల పొడవున్న చిన్న నల్లటి స్విచ్ ఉంటుంది. దాని మూత తీసి చూస్తే లోపల పలచటి లోహపు రేకు ఒకటి వంగి, బిగువుగా కూర్చుని ఉంటుంది. మనం నొక్కగానే ఆ రేకు టక్కున కిందికి దిగి మరో లోహపు ముక్కకు తగులుతుంది. వేలు తీయగానే పైకి లేస్తుంది. మనకు వినిపించే క్లిక్ శబ్దం ఆ రేకుదే. జపాన్ కంపెనీ ఓమ్రాన్ స్విచ్‌లు చాలా బ్రాండ్ల మౌస్‌లలో కనిపిస్తాయి. చైనా కంపెనీలైన హువానో, కైల్ స్విచ్‌లు కూడా వాడుకలో ఉన్నాయి. డబ్బా మీద కోటి క్లిక్కులు, రెండు కోట్లు, ఐదు కోట్లు అని రాస్తారు. రోజుకు 5 వేల సార్లు నొక్కినా కోటి క్లిక్కులు పూర్తి కావడానికి 2 వేల రోజులు, అంటే దాదాపు ఐదున్నర ఏళ్లు పట్టాలి. కానీ చాలా మౌస్‌లు రెండేళ్లకే ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు ప్రవర్తిస్తాయి.

దీనికి కారణం ఉంది. ఆ కోట్ల లెక్క రేకు విరగకుండా ఎన్నిసార్లు వంగగలదో చెబుతుంది. రెండు లోహాలు తగిలే చోట పట్టే తుప్పులాంటి పొర సంగతి అందులో రాదు. ఇప్పటి మౌస్‌లలో స్విచ్ గుండా పోయే కరెంటు చాలా తక్కువ. ఆ పొరను కాల్చేసే శక్తి దానికి లేదు. పైగా నొక్కగా నొక్కగా రేకు బిగువు తగ్గుతుంది. దాంతో తగిలేటప్పుడు ఒక్కసారి గట్టిగా అతుక్కోకుండా తగిలీ తగలనట్టు అదురుతుంది. కంప్యూటర్ ఆ అదురును రెండో క్లిక్కుగా లెక్కపెడుతుంది.

లక్షణాలు చెబుతాను, మీ మౌస్‌తో పోల్చి చూసుకోండి. ఫైలును ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌లోకి లాగుతుంటే దారిలో జారిపోతుంది. రెండు లైన్లు సెలెక్ట్ చేయబోతే మధ్యలో వదిలేస్తుంది. ఒక్క క్లిక్కుకే ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఆటలో ఒక తూటా కాల్చాలనుకుంటే రెండు పోతాయి. చాలామంది ఇది వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేయిస్తారు. దానికి పెట్టే ఖర్చుతో కొత్త మౌసే వస్తుంది. ఇంకో మౌస్ పెట్టి చూస్తే తప్పు ఎక్కడుందో నిమిషంలో తేలిపోతుంది.

వారంటీ ఉంటే అలాంటి మౌస్‌ను విప్పకండి, బిల్లుతో సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. వారంటీ దాటితే మాత్రం పారేయకండి. అడుగున ఉన్న నున్నటి పాదాలు తీస్తే వాటి కింద మరలు కనిపిస్తాయి. లోపలి స్విచ్ ఖరీదు పదుల రూపాయల్లోనే ఉంటుంది. సోల్డరింగ్ బాగా వచ్చిన మెకానిక్ అర గంటలోపే పాతది తీసి కొత్తది వేస్తాడు. విప్పిన చేత్తోనే చక్రాన్ని కూడా చూడమనండి. మియాపూర్ నుంచి బీహెచ్‌ఈఎల్ దాకా రోడ్డు పక్క ఇళ్లలో ఉండేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, దుమ్మూ వెంట్రుకలూ ఆ చక్రం ఇరుసుకు చుట్టుకుపోయి ఉంటాయి. పేజీ కిందికి దించుతుంటే పైకి ఎగరడం సాధారణంగా ఆ చక్రం చేసే పనే.

ఆటలు గట్టిగా ఆడేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఆప్టికల్ స్విచ్ ఉన్న మౌస్‌లు వస్తున్నాయి. వీటిలో లోహానికి లోహం తగిలే పని లేదు. లోపల ఒక కాంతి కిరణం అడ్డు తొలగితే క్లిక్ నమోదవుతుంది. రేకు అదురు వల్ల వచ్చే రెండో క్లిక్కు బాధ వీటికి ఉండదు. ధర కొంచెం ఎక్కువే, కానీ పెట్టిన డబ్బు సరిగ్గా ముందు పోయే భాగం మీదే పడుతుంది. డబ్బా మీద డీపీఐ అంకెను వదిలేసి ఆప్టికల్ స్విచ్ అన్న మాట కోసం వెతకండి.

మా పక్క ఫ్లాటులో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి ఉన్నాడు. మౌస్ కొనాలి, తోడు రమ్మన్నాడు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్ స్టేషన్‌లో దిగి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు నడిచాం. అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ మార్కెట్ అది. అబ్బాయి షాపులో అడుగు పెడుతూనే, "అన్నా, ఆర్‌జీబీ లైట్లున్న గేమింగ్ మౌస్ చూపించు" అన్నాడు. షాపతను నాలుగు డబ్బాలు కౌంటర్ మీద పెట్టాడు.

"ముందు డబ్బా తీయించి చెయ్యి పెట్టి చూడు" అన్నాను.

"లైట్లు వెలిగించి చూడొద్దా అంకుల్?"

"నీ చెయ్యి కిందికి వచ్చాక ఆ లైట్లు నీకు కనబడవు బాబూ."

మొదటిది పట్టుకున్నాడు. మౌస్ వెనక భాగం ఎత్తుగా ఉంది, ఇతనివి చిన్న చేతులు. మణికట్టు పైకి లేచిపోయింది, వేళ్ల చివర్లు బటన్ సగందాకే వచ్చాయి. రెండోది పొట్టిది. అరచేయి ఆనింది, బొటనవేలు పక్క బటన్ల మీదికి దానంతట అది వెళ్లింది. దాన్ని షాపు కంప్యూటర్‌కే తగిలించమని అడిగాం. ఒక విండోను పట్టుకుని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఐమూలగా లాగాడు, బాణం మెట్లు మెట్లుగా కదలకుండా సాఫీగా వెళ్లింది. చక్రాన్ని ఒక్కో గాటు తిప్పాడు, పేజీ గాటుకు ఒకే కొలతలో కదిలింది. మౌస్‌ను చెవి దగ్గర పెట్టి ఊపాడు, లోపల గలగలమనలేదు. ఎడమ, కుడి బటన్లను పక్కకు కదిలించి చూశాడు, వదులు లేదు. అదే తీసుకున్నాడు. దానికీ లైట్లున్నాయి, వాటి సంగతి మేం ఆలోచించలేదు.

కాలికి తొడిగి చూడకుండా చెప్పులు కొనం, మౌస్ కూడా అంతే. అరచేయి మొత్తం ఆనించి పట్టుకునేవాళ్లకు వెనక ఎత్తుగా, పొడవుగా ఉన్నది కావాలి. వేళ్ల చివర్లతో కదిలించేవాళ్లకు పొట్టిది, తేలికది కావాలి. ఎడమచేతి వాటం వాళ్లు రెండు వైపులా ఒకేలా ఉన్నదే అడగాలి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కనీసం వివరాల్లో పొడవు, వెడల్పు, బరువు చూసి, ఇప్పుడు వాడుతున్న మౌస్‌ను స్కేలుతో కొలిచి పోల్చుకోండి.

మౌస్ విషయంలో నా తీర్పు ఇది. 1500 రూపాయల నుంచి 2 వేల మధ్య దొరికే పేరున్న వైర్ గేమింగ్ మౌస్ ఆఫీసు పనికి కూడా మంచి మౌసే. పక్క బటన్లు బ్రౌజర్‌లో వెనక్కి, ముందుకు వెళ్లడానికి పనికొస్తాయి. సెన్సర్ ఏ ఆటకైనా చాలు. లాజిటెక్ జి102 ఈ తరగతిలో చాలామందికి తెలిసిన పేరు. ఆటలు ఆడని ఇంటికి డెల్, హెచ్‌పీ, లాజిటెక్ వాళ్ల సాదా వైర్ మౌస్ కొన్ని వందల్లో వస్తుంది, అది చాలు. ఐదు వేలు, పది వేలు పెట్టే మౌస్‌లలో ముఖ్యంగా కొంటున్నది తక్కువ బరువును, మంచి వైర్‌లెస్‌ను. అవి అవసరమైనవాళ్లకు ఆ సంగతి ముందే తెలిసి ఉంటుంది.

వైర్‌లెస్ అన్నాను కాబట్టి ఒక చిట్కా చెప్పి ముందుకు వెళ్తాను. యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న డాంగిల్‌తో వచ్చే మౌస్‌లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తాయి. మన అపార్ట్‌మెంట్లలో పైనా కిందా పక్కనా ఉన్న ఫ్లాట్ల వైఫైలు చాలావరకు అదే దారిలో తిరుగుతాయి. దానికి తోడు యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు కూడా అదే చోట రొద పుట్టిస్తాయని ఇంటెల్ కంపెనీ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డాంగిల్‌ను సీపీయూ వెనక, నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో, గోడవైపు పెడితే మౌస్ ఆగి ఆగి కదులుతుంది. బ్యాటరీ మార్చినా బాగుపడదు. ఒక చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ను టేబుల్ మీదికి, మౌస్‌కు ఒక అడుగు దూరంలోకి తెచ్చుకోండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

ఇప్పుడు కీబోర్డు.

ఆఫీసుల్లో, ఇళ్లల్లో ఎక్కువగా కనిపించేది మెంబ్రేన్ కీబోర్డు. ఒక్కో కీ కింద రబ్బరు బుడిపె, దాని కింద మూడు పలచటి ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. పై పొర మీదా కింది పొర మీదా కరెంటు పారే సిరాతో గీసిన దారులుంటాయి, మధ్య పొరకు చిల్లులుంటాయి. కీ నొక్కితే పై పొర చిల్లులోంచి కింది పొరను తాకుతుంది. దీనిలో ముందు పోయేవి రెండు. రబ్బరు నాలుగైదేళ్లకు బిగువు తగ్గి మెత్తబడుతుంది. ఈలోగా ఒకసారి టీ ఒలికిందంటే అది పొరల మధ్యకు పాకి సిరా దారిని తినేస్తుంది, ఒక వరసలో కీలన్నీ ఒకేసారి మూగబోతాయి. మన టీలో పంచదార ఎక్కువ కాబట్టి మర్నాడు చీమలు కూడా వస్తాయి. ఆరేడు వందల కీబోర్డుకు ఆ పొరలు మార్పించడం గిట్టదు, కొత్తది కొనాల్సిందే.

మెంబ్రేన్ కీబోర్డుతో ఆటకు ఇంకో ఇబ్బంది ఉంది. ఒకేసారి మూడు నాలుగు కీలు నొక్కితే కొన్ని జతలు నమోదు కావు. షాపులోనే చేయగల పరీక్ష ఇది. నోట్‌ప్యాడ్ తెరిచి, ఎడమ షిఫ్టు, కుడి షిఫ్టు రెండూ కలిపి నొక్కి పట్టుకోండి. పక్కనున్నవాళ్లను ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి జెడ్ దాకా వరసగా కొట్టమనండి. చాలా చవక కీబోర్డుల్లో మధ్యమధ్య అక్షరాలు మాయమవుతాయి. ఏవి మాయమయ్యాయో ఆ కీల దారులను కీబోర్డు లోపల కలిపేశారన్నమాట. తర్వాత ఆటలో వాడే జత కొట్టి చూడండి. డబ్ల్యూ, ఏ, షిఫ్టు పట్టుకుని స్పేస్ కొట్టినప్పుడు స్పేస్ పడితే ఆటకు పనికొస్తుంది. గేమింగ్ అని రాసి, లైట్లు పెట్టి, లోపల అదే రబ్బరు, అవే పొరలు ఉన్న కీబోర్డులు మార్కెట్లో చాలా ఉన్నాయి. వాటి మీద డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

రెండో రకం మెకానికల్. ఇందులో ఒక్కో కీకి ఒక్కో విడి స్విచ్, దానిలో ఒక స్ప్రింగు ఉంటాయి. జర్మనీ కంపెనీ చెర్రీ 1980లలో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్ దీనికి మూలం. పేటెంట్ గడువు తీరాక గేటెరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు అవే కొలతలతో చేయడం మొదలుపెట్టాయి. అందువల్లే మెకానికల్ కీబోర్డు ఇప్పుడు రెండున్నర, మూడు వేలకే దొరుకుతోంది.

మన దగ్గర మెకానికల్ కీబోర్డు కొత్తదేమీ కాదు. బ్యాంకులో, రైల్వే రిజర్వేషన్ కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డవాళ్లకు ఆ టకటక చప్పుడు గుర్తుండే ఉంటుంది. చాలాచోట్ల ఆ చప్పుడు చెన్నై కంపెనీ టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ తెచ్చిన టీవీఎస్ గోల్డ్ కీబోర్డుది. చాలాకాలం అది చెర్రీ బ్లూ స్విచ్‌లతో వచ్చింది. చూడటానికి ఏ హంగూ లేని పొడవాటి పలక, లైట్లు లేవు. అయినా డీటీపీ పని చేసేవాళ్లు దాన్ని ఏళ్ల తరబడి వదలలేదు. రోజంతా టైపు కొట్టేవాళ్లకు వేలు దిగినప్పుడల్లా అక్షరం పడిందన్న సంగతి చూడకుండానే తెలియాలి, అది ఆ స్విచ్ చెబుతుంది.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఈ విషయం ఇంగ్లీషువాళ్లకన్నా ఎక్కువ ముఖ్యం. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో స్త్రీ అన్న ఒక్క అక్షరం పడాలంటే ఆరు కీలు నొక్కాలి. స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన గుడిదీర్ఘం. పొల్లు ఉండేది డీ అక్షరం కీ మీద. ప్రతి ఒత్తుకూ ఆ కీ దగ్గరికి వెళ్లాల్సిందే. ఒక్క పొల్లు పడకపోయినా మాట మారిపోతుంది. రబ్బరు మెత్తబడిన కీబోర్డు మీద ముందు తప్పులు వచ్చేది ఇలా ఎక్కువ వాడే కీల దగ్గరే. తెలుగులో రోజూ రాసేవాళ్లు, టైపింగ్ పరీక్షలకు సాధన చేసేవాళ్లు మెకానికల్ కీబోర్డు కొనుక్కోవడం విలాసం అనుకోవద్దు.

ఏ స్విచ్ కొనాలి? రంగులతో గుర్తుపట్టవచ్చు. బ్లూ అంటే సగం దిగగానే టక్కుమని చప్పుడు చేసేది. బ్రౌన్ అంటే చప్పుడు లేకుండా వేలికి చిన్న మెట్టులా తగిలేది. రెడ్ అంటే పైనుంచి కిందిదాకా అడ్డులేకుండా దిగేది, ఆటలవాళ్లకు ఎక్కువగా నచ్చేది. పనికీ ఆటకూ ఒకటే కావాలంటే నేను బ్రౌన్ తీసుకోమంటాను. ఎందుకంటే మన వైపు చాలా ఇళ్లలో రాత్రి పదిన్నరకు కాల్ మొదలవుతుంది. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో ఒక గదిలో పసిబిడ్డ, ఇంకో గదిలో అమ్మానాన్నలు పడుకుని ఉంటారు. ఆ వేళ బ్లూ స్విచ్‌ల చప్పుడు గోడ దాటి వినిపిస్తుంది, కాల్‌లో అవతలివాళ్లకు కూడా మీ మాటకన్నా ముందు అదే వినిపిస్తుంది.

కీబోర్డు కొనేటప్పుడు అడగాల్సిన అసలు మాట హాట్ స్వాప్. అంటే సోల్డరింగ్ లేకుండా, చిన్న పట్టకారుతో పాత స్విచ్ పైకి లాగి కొత్తది నొక్కిపెట్టవచ్చు. మూడేళ్ల తర్వాత ఒక్క డీ కీ పోతే, ఆ ఒక్క స్విచ్ మార్చుకుంటే చాలు. ముందు పోయే భాగాన్ని మన చేత్తో మనమే మార్చుకోగలగడం కన్నా నమ్మకం ఇంకేముంటుంది? దీనికి ఓ ఐదు వందలు ఎక్కువైనా ఇవ్వండి. కీల మీది అక్షరాలు రెండు రంగుల ప్లాస్టిక్‌తో పోతపోసినవైతే ఎప్పటికీ చెరిగిపోవు. వాటిలో పీబీటీ ప్లాస్టిక్‌వి ఏబీఎస్ వాటిలా వేళ్ల జిడ్డుకు త్వరగా నున్నబడి మెరవవు. షాపులో స్పేస్ బార్ రెండు చివర్లా నొక్కి చూడండి. ఒక పక్క ఒరిగినా గలగలలాడినా ఆ కీబోర్డు పక్కన పెట్టండి.

చేతిలో ఐదు వేలు ఉంటే నేనైతే మూడున్నర వేలు కీబోర్డుకు, 1500 మౌస్‌కు పెడతాను. మౌస్ ఎంత మంచిదైనా అరిగిపోయే వస్తువు. హాట్ స్వాప్ ఉన్న కీబోర్డు పదేళ్లు వాడుకోవచ్చు. చాలామంది దీన్ని తలకిందులు చేసి, మూడు వేల మౌస్ పక్కన ఆరు వందల కీబోర్డు పెట్టుకుంటారు.

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. మన ఎంసెట్, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నాం, 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. జేఈఈ మెయిన్‌లో అంకెల జవాబులు కూడా తెర మీద కనిపించే మీటలను మౌస్‌తో నొక్కి పెట్టాల్సిందే, కీబోర్డు పనికిరాదు. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీదా ఫోను మీదా మాక్ టెస్టులు రాసే పిల్లలకు పరీక్ష రోజు చేతికి మౌస్ కొత్తగా తగులుతుంది. ఒక సాదా వైర్ మౌస్ కొనిచ్చి, మాక్ టెస్టులు దానితోనే రాయించండి.

జాగ్రత్తల గురించి ఎక్కువ చెప్పను. వారానికోసారి కీబోర్డు తిరగేసి దులపండి, మెత్తటి బ్రష్షుతో సందుల్లో తుడవండి. టీ ఒలికితే ముందు వైరు పీకండి, బోర్లా పెట్టండి, పూర్తిగా ఆరేదాకా మళ్లీ తగిలించకండి.

చివరగా బిల్లు సంగతి. పేరున్న కంపెనీల మౌస్‌లకు అచ్చు అలాంటి డబ్బాల్లోనే నకిలీలు దొరుకుతాయి. ధర మామూలు కన్నా సగానికి సగం తక్కువగా ఉంటే, డబ్బా మీద ఇంగ్లీషు స్పెల్లింగు తప్పులుంటే, డబ్బా మీది సీరియల్ నంబరూ మౌస్ అడుగునున్న నంబరూ కలవకపోతే కొనకండి. వైర్‌లెస్ కీబోర్డులకు భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉండాలని ప్రభుత్వ ఉత్తర్వు చెబుతోంది. కీబోర్డు అడుగున ఆర్ అక్షరంతో మొదలయ్యే ఆ నంబరు ఉందో లేదో చూడండి. "బిల్లు లేకపోతే జీఎస్టీ మిగులుతుంది సార్" అని కౌంటర్ దగ్గర ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 18 శాతం మిగిలిందనుకుంటాం, ఎడమ బటన్ పోయిన రోజు బిల్లు లేక వారంటీ మొత్తం పోతుంది. సీరియల్ నంబరు రాయించి బిల్లు తీసుకుని, ఆ రోజే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, కాగితం మీది అచ్చు ఏడాదికే వెలిసిపోతుంది. బిల్లు ఉన్నా వారంటీ ఇవ్వమని మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. నంబరు 1915. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, తొమ్మిది, ఒకటి, ఐదు. తెలుగులోనే మాట్లాడవచ్చు.